రికార్డు మీద పుట్టిన కమెడియన్

హాస్యగాడు ముందు వేదిక ఎక్కుతాడు. చిన్నాచితకా సభల్లో ఏళ్ళ తరబడి నలిగి, నలుగురి నోళ్ళలో పడ్డాక గానీ అతని మాటలు రికార్డుకు ఎక్కవు. అమెరికన్ కమెడియన్ బాబ్ న్యూహార్ట్ విషయంలో ఈ వరస తిరగబడింది. వార్నర్ బ్రదర్స్ రికార్డు కంపెనీ ఒప్పందం రాసుకునే నాటికి ఆయన ఒక్క నైట్ క్లబ్బులోనూ ప్రదర్శన ఇచ్చి ఎరగరు. 1960 ఫిబ్రవరిలో టెక్సస్ రాష్ట్రంలోని హ్యూస్టన్ నగరంలో ఆయన ఇచ్చిన మొట్టమొదటి క్లబ్బు ప్రదర్శనలనే కంపెనీ రికార్డు చేసింది. ఆ ఏప్రిల్‌లో 'ది బటన్-డౌన్ మైండ్ ఆఫ్ బాబ్ న్యూహార్ట్' పేరుతో లాంగ్ ప్లే రికార్డు (ఎల్పీ)గా విడుదల చేసింది.

పాట లేదు, వాద్యం లేదు. ఒక మనిషి మాట్లాడుతుంటాడు, జనం నవ్వుతుంటారు, అంతే. ఆ రికార్డు బిల్‌బోర్డ్ పత్రిక ప్రకటించే ఆల్బమ్‌ల జాబితాలో మొదటి స్థానానికి చేరింది. హాస్య ఆల్బమ్ ఒకటి ఆ మెట్టు ఎక్కడం అదే మొదటిసారి. మరుసటి ఏడాది గ్రామీ పురస్కారాల్లో ఫ్రాంక్ సినాత్రా, నాట్ కింగ్ కోల్, హ్యారీ బెలఫాంటే వంటి గాయకులను వెనక్కి నెట్టి 'ఆల్బమ్ ఆఫ్ ది ఇయర్' కూడా అందుకుంది. ముప్పై ఏళ్ళ మాజీ లెక్కల గుమస్తాను దేశం మొత్తానికి పరిచయం చేసింది సినిమా కాదు, టీవీ కాదు, ఒక గ్రామఫోన్ రికార్డు. న్యూహార్ట్ ఎంచుకున్న హాస్యరీతి చెవికి సరిగ్గా అమరినది కావడం, అలాంటి హాస్యాన్ని ఇంటింటికీ చేర్చగల సాధనం అప్పుడే చేతికి అందిరావడం దీనికి మూలకారణాలు.

మూడు నిమిషాల నుంచి ఇరవై నిమిషాలకు

హాస్యాన్ని రికార్డు చేయడం 1960లో కొత్త కాదు. ఎడిసన్ మైనపు సిలిండర్ల కాలంలోనే కాల్ స్టూవర్ట్ అనే నటుడు 'అంకుల్ జాష్' అనే పల్లెటూరి పాత్రతో కథలు చెప్పి రికార్డులు అమ్మించాడు. 1913లో జో హేమన్ 'కోయెన్ ఆన్ ది టెలిఫోన్' అనే రికార్డు చేశాడు. ఇంగ్లీషు సరిగా పలకలేని వలస మనిషి కొత్తగా వచ్చిన ఫోనుతో పడే అవస్థ అందులో విషయం. అవతలివాళ్ళ మాట వినిపించకుండా ఒకవైపు సంభాషణతోనే నవ్వించే పద్ధతికి అప్పటికే అంత వయసుంది.

అయితే ఆనాటి 78 ఆర్‌పీఎం ప్లేటు మీద ఒక వైపు పట్టేది మూడు నాలుగు నిమిషాలు. ఒక జోకు చెప్పవచ్చు, చిన్న సంభాషణ నడపవచ్చు. పాత్రను నిలబెట్టి, సందర్భాన్ని పేర్చి, నవ్వును మెల్లగా పెంచుకుంటూ పోవడానికి చోటు చాలదు. 1948 జూన్‌లో కొలంబియా కంపెనీ నిమిషానికి 33⅓ సార్లు తిరిగే లాంగ్ ప్లే రికార్డును తెచ్చింది. ఒక్కో వైపు ఇరవై నిమిషాలు దాటి పట్టే ఈ ప్లేటు శాస్త్రీయ సంగీతాన్ని దృష్టిలో పెట్టుకుని తయారైనదే అయినా, నైట్ క్లబ్బులో ఒక కమెడియన్ చేసే ప్రదర్శనలో ముఖ్యభాగమంతా అందులో పట్టేసింది. అదే కాలంలో మాగ్నెటిక్ టేపు వాడకంలోకి వచ్చింది. స్టూడియో దాటి క్లబ్బులోనే యంత్రం పెట్టి, నాలుగు రాత్రుల ప్రదర్శనలు ఎక్కించుకుని, బాగా పండిన ముక్కలను కత్తిరించి అతికించే వీలు దొరికింది.

ఈ వీలును ముందుగా వాడుకున్నవాళ్ళు కొద్దిమందే. రోజువారీ వార్తాపత్రిక చంకన పెట్టుకుని వేదికెక్కి రాజకీయాలను చెరిగేసే మోర్ట్ సాల్ ప్రదర్శన ఒకటి 1955లో రికార్డయి, 1958లో 'ఎట్ సన్‌సెట్' పేరుతో బయటికొచ్చింది. ఆధునిక స్టాండప్ కామెడీ తొలి రికార్డుగా దాన్ని లెక్కిస్తారు. నల్లజాతి కమెడియన్ రెడ్ ఫాక్స్ 1956 నుంచి డూటో అనే చిన్న కంపెనీకి చేసిన రికార్డులు బహిరంగంగా వినిపించలేనివి కావడంతో, తెలిసినవాళ్ళ మధ్య చేతులు మారుతూ ఇళ్ళ విందుల్లో మోగేవి. షికాగో రంగస్థలం నుంచి వచ్చిన షెల్లీ బెర్మన్ ఎత్తు స్టూలు మీద కూర్చుని, చేతిలో లేని ఫోను పట్టుకుని మాట్లాడిన 'ఇన్‌సైడ్ షెల్లీ బెర్మన్' 1959లో పెద్ద ఎత్తున అమ్ముడై, మాటల హాస్యానికి గ్రామీ గెలుచుకుంది. హాస్య రికార్డుకు గిరాకీ ఉందని కంపెనీలకు అప్పుడు తెలిసొచ్చింది.

లెక్క కుదరని లెక్కల గుమస్తా

జార్జ్ రాబర్ట్ న్యూహార్ట్ 1929 సెప్టెంబరు 5న షికాగో పక్కనే ఉన్న ఓక్ పార్క్‌లో ఒక కేథలిక్ కుటుంబంలో పుట్టారు. షికాగోలోని లొయోలా విశ్వవిద్యాలయంలో 1952లో వ్యాపార నిర్వహణ పట్టా పుచ్చుకున్నారు. కొరియా యుద్ధం రోజుల్లో నిర్బంధ సైనిక సేవకు పిలుపొచ్చింది. యుద్ధభూమికి పోకుండా దేశంలోనే సిబ్బంది వ్యవహారాలు చూసే పనిలో ఉండి 1954లో బయటికి వచ్చారు. న్యాయవిద్యలో చేరి మధ్యలోనే మానేశారు.

తర్వాత జిప్సం ఉత్పత్తులు తయారుచేసే ఒక పెద్ద కంపెనీలో అకౌంటెంటుగా చేరారు. చిల్లర ఖర్చుల పద్దు చూడడం ఆయన పనుల్లో ఒకటి. సాయంత్రానికి ఒకటి రెండు డాలర్ల తేడా వస్తే గంటల తరబడి వెతకడం వృథా అనుకుని సొంత జేబులోంచి వేసి సరిపెట్టేవారు. సుమారుగా సరిపోతే చాలునన్న తన సిద్ధాంతం లెక్కల వృత్తికి నప్పలేదని ఆయన జీవితాంతం చెప్పుకుని నవ్వించారు. నిరుద్యోగ భృతి చెల్లించే కార్యాలయంలోనూ కొన్నాళ్ళు పనిచేశారు. అక్కడ తన జీతం వారానికి 60 డాలర్లు, భృతి తీసుకునేవాళ్ళకు 55 డాలర్లు, పైగా వాళ్ళు వారంలో ఒక్కరోజు వచ్చి సంతకం పెడితే చాలు కాబట్టి ఆ కొలువు వదిలేశానని ఆయనే చెప్పేవారు.

ఈ ఉద్యోగాల అనుభవం ఊరికే పోలేదు. న్యూహార్ట్ హాస్యంలో విలన్లు ఉండరు. కార్యాలయాలు, పైఅధికారులు, నియమాల పుస్తకాలు, అమ్మకాల ప్రతినిధులు ఉంటారు. పై నుంచి ఏ పిచ్చి వచ్చిపడినా కిమ్మనకుండా, మర్యాద చెడకుండా సర్దుకుపోయే మామూలు ఉద్యోగి ఉంటాడు. రాబర్ట్ బెంచ్లీ, జేమ్స్ థర్బర్‌ల హాస్య రచనలు, రేడియో కమెడియన్ జాక్ బెన్నీ మౌనాలు ఆయనకు నచ్చిన పాఠాలు.

పనివేళల్లో ఫోను సరదా

1958 నాటికి న్యూహార్ట్ షికాగోలో సినిమాలు, టీవీ కార్యక్రమాలు తీసే ఫ్రెడ్ నైల్స్ సంస్థలో ప్రకటనల రచయిత. తోటి ఉద్యోగి ఎడ్ గాలగర్‌తో విసుగు పుట్టినప్పుడల్లా ఫోనులో ఏదో ఒక పాత్ర కట్టి మాట్లాడడం అలవాటు. ఒకరు ఫ్యాక్టరీ మేనేజరు, మరొకరు విలేకరి. ఒకరు అడ్డగోలు పని చేసినవాడు, మరొకరు ఓపిగ్గా వినేవాడు. ఈ సరదా మాటలను టేపు మీద ఎక్కించి రేడియో స్టేషన్లకు పంపడం మొదలుపెట్టారు. కొన్న స్టేషన్లు వేళ్ళ మీద లెక్కపెట్టేటన్ని, వచ్చిన సొమ్ము ఖర్చులకు చాలలేదు. కొన్నాళ్ళకు గాలగర్ న్యూయార్కులో ఉద్యోగం చూసుకుని వెళ్ళిపోయాడు.

అవతలి గొంతు పోయింది. న్యూహార్ట్ కొత్త జోడీని వెతుక్కోలేదు. అవతలివాడి మాటలు తీసేసి ఇవతలి మాటలతోనే కథ నడిపారు. ఆయన ప్రసిద్ధ శైలికి పునాది ఇదే. షికాగో రేడియోలో పేరున్న డిస్క్ జాకీ డాన్ సార్కిన్ ఈ టేపులు విని, వార్నర్ బ్రదర్స్ రికార్డు విభాగం పెద్దలకు వినిపించే ఏర్పాటు చేశారు. 1959లో కంపెనీ న్యూహార్ట్‌తో ఒప్పందం చేసుకుంది.

వార్నర్ తీసుకున్న ఈ నిర్ణయం వెనక ఆర్థిక కారణం ఉంది. సినిమా స్టూడియో అనుబంధంగా 1958లో మొదలైన ఆ రికార్డు కంపెనీ అప్పటికి నష్టాల్లో కూరుకుపోయి ఉంది. పెద్ద గాయకుడి ఆల్బమ్ అంటే వాద్యబృందం, సంగీత దర్శకుడు, స్టూడియో అద్దె, పాటల హక్కుదారులకు చెల్లింపులు తప్పవు. కమెడియన్ ఆల్బమ్‌కు ఒక మైకు, ఒక టేపు యంత్రం, నవ్వే జనం ఉంటే చాలు. పోతే పోయేది తక్కువ, వస్తే వచ్చేది ఎక్కువ.

హ్యూస్టన్ రాత్రులు

తర్వాతి క్లబ్బు ప్రదర్శన ఎక్కడో చెబితే వచ్చి రికార్డు చేసుకుంటామని కంపెనీ అడిగింది. తర్వాతిది సంగతి అలా ఉంచి, మొదటిదే ఇంకా జరగలేదని న్యూహార్ట్ బదులిచ్చారు. హ్యూస్టన్‌లోని టైడ్‌లాండ్స్ మోటార్ ఇన్‌లో ఉన్న క్లబ్బును కంపెనీయే కుదిర్చింది. ఆల్బమ్‌కు రెండు వైపులు నింపాలి. చేతిలో ఉన్న అంశాలు మూడే. అప్పటికప్పుడు మరికొన్ని రాసుకోవలసి వచ్చింది.

మొదటి రాత్రి ప్రదర్శన బాగా పండి, చప్పట్లు ఆగకపోవడంతో క్లబ్బు నిర్వాహకుడు ఆయన్ను మళ్ళీ వేదిక మీదికి తోశాడు. ఇవ్వడానికి ఇంకేమీ మిగల్లేదు. తిరిగి వెళ్ళి, ఇప్పుడు విన్నవాటిలో ఏది మళ్ళీ వింటారని జనాన్నే అడిగారు. అనుభవం లేని మనిషి అయోమయం, వేదిక మీది ఆయన పాత్ర అయోమయం అక్కడ ఒకటైపోయాయి. మాట తడబడడం, వాక్యం మధ్యలో ఆగిపోవడం, తల గోక్కుంటున్నట్టు వినిపించే మౌనం ఆయనకు సహజంగానే ఉన్నవి. తర్వాతి కాలంలో ఒక టీవీ నిర్మాత ఆ నత్తిని కాస్త తగ్గించమంటే, బెవర్లీ హిల్స్‌లో తనకు ఇల్లు కొనిపెట్టింది ఆ నత్తేనని న్యూహార్ట్ జవాబిచ్చారట.

ఆల్బమ్ పేరులోని 'బటన్-డౌన్' అన్నది కాలరు కొసలను గుండీలతో చొక్కాకు బిగించే పద్ధతి. ఆనాటి అమెరికాలో పెద్ద కంపెనీల ఉద్యోగులకు, ప్రకటనల సంస్థల బాబులకు అది దాదాపు యూనిఫారం. అట్ట మీద న్యూహార్ట్‌ను హూణుల నాయకుడు అటిల్లా తర్వాత అంతటి పేరు పొందిన కొత్త కమెడియన్ అని పరిచయం చేశారు. ఎవరికీ తెలియని మనిషిని అమ్మడానికి కంపెనీ ఎంచుకున్న దారి, ఆ తెలియకపోవడాన్నే జోకుగా మార్చడం.

ఆరు అంశాలు

ఆల్బమ్‌లో ఉన్నవి ఆరు అంశాలు. మొదటిది అబ్రహాం లింకన్‌కు ఒక ప్రచార నిపుణుడు చేసే ఫోను. 1863లో లింకన్ గెటిస్‌బర్గ్‌లో చేసిన ప్రసంగం ఆనాటి అమెరికా బడిపిల్లలకు కంఠోపాఠం. ఆ ప్రసంగానికి ముందు న్యూయార్కు నుంచి ప్రచారం చూసుకునేవాడు ఫోను చేసి, గడ్డం గీసుకోవద్దని, పాత టోపీ మార్చవద్దని, మేం రాసిచ్చిన వాక్యాలను చేతికొచ్చినట్టు దిద్దవద్దని అధ్యక్షుణ్ణి బతిమాలతాడు. టీవీ వచ్చాక నాయకుణ్ణి సబ్బుబిళ్ళలా అమ్మే కళ పెరుగుతోందన్న భయం అప్పుడు అమెరికాలో ఉంది. 1960లోనే అధ్యక్ష అభ్యర్థులు కెనడీ, నిక్సన్‌ల మధ్య టీవీ చర్చలు జరిగాయి. న్యూహార్ట్ ఆ భయం గురించి ఉపన్యాసం ఇవ్వలేదు. వందేళ్ళ వెనక్కి తీసుకెళ్ళి, దేశం పూజించే మహాపురుషుడి పక్కన దాన్ని నిలబెట్టారు.

రైట్ సోదరుల అంశంలోనూ ఇదే కిటుకు. 1903 డిసెంబరు 17న కిట్టీ హాక్ దగ్గర వాళ్ళ విమానం తొలిసారి ఎగిరింది 12 సెకన్లు, 120 అడుగుల దూరం. ఆ వార్త విన్న అమ్మకాల ప్రతినిధి ఫోను చేసి, ప్రయాణికులు ఎక్కడ కూర్చోవాలి, మరుగుదొడ్డి ఎక్కడ పెట్టాలి, ఇలా దిగుతూ ఎగురుతూ పోతే దూరప్రయాణం టిక్కెట్లు ఎలా అమ్మాలి అని ఆరా తీస్తాడు. బేస్‌బాల్ అంశంలో ఆ ఆటను కనిపెట్టినవాడిగా కథల్లో చెప్పే ఆబ్నర్ డబుల్‌డే, ఆటవస్తువుల కంపెనీకి దాని నియమాలు వివరిస్తుంటాడు. మూడు స్ట్రైకులు, నాలుగు బాల్స్ అంటూ అమెరికన్లు ప్రాణంగా చూసుకునే ఆట, కొత్తగా వింటే ఎంత అర్థంలేనిదిగా తోస్తుందో కంపెనీవాడి ప్రశ్నల్లో బయటపడుతుంది.

మిగిలిన మూడింటిలో ఫోను లేదు. రెండేళ్ళు నీటి అడుగున తిరిగి ఒడ్డుకు చేరుతున్న కాడ్‌ఫిష్ అనే జలాంతర్గామి కెప్టెన్, ప్రయాణంలో జరిగిన ఘోరాలన్నిటినీ తేలిగ్గా దాటవేస్తూ సిబ్బందికి వీడ్కోలు చెబుతాడు. అణు జలాంతర్గామి నాటిలస్ 1958లో ఉత్తర ధ్రువం అడుగునుంచి ప్రయాణించి వీరగాథ అయిన రోజులవి. సోవియట్ నాయకుడు కృశ్చేవ్ 1959 సెప్టెంబరులో అమెరికాకు వచ్చిన సందర్భంపై అల్లిన అంశంలో, విమానాశ్రయ స్వాగతాన్ని టీవీ దర్శకుడు సినిమా సీనులా రిహార్సల్ చేయిస్తాడు. జనం నోళ్ళలో ఎక్కువ నానింది ఈ మూడింటిలో మిగిలినది. కారు నేర్చుకోవడానికి వచ్చిన మహిళ పక్కన ప్రాణాలు అరచేత పెట్టుకుని కూర్చున్న డ్రైవింగు మాస్టారి కథ అది.

సగం మాట వినేవాడిది

ఈ అంశాల్లో చాలావాటికి సూత్రం ఒకటే. సంభాషణలో ఉన్నది ఇద్దరు, వినిపించేది ఒక్కరు. తెలుగునాట ఏకపాత్రాభినయం తెలిసినవాళ్ళకు ఈ పద్ధతి కొంత పరిచితమే. కానీ దుర్యోధనుడో సారంగధరుడో గొంతెత్తి తన ఆవేశాన్ని వెళ్ళగక్కే తీరుకు ఇది పూర్తిగా వ్యతిరేకం. న్యూహార్ట్ పాత్ర చెప్పేవాడు కాడు, వినేవాడు. తెలివితక్కువ పని జరుగుతున్నది అవతలి వైపు. ఇవతలి మనిషి దాన్ని అర్థం చేసుకోవడానికి మర్యాదగా ప్రయత్నిస్తుంటాడు.

అవతలి మాట వినబడకుండానే విషయం తెలియాలంటే రెండు పనిముట్లు కావాలి. మొదటిది, అవతలివాడు అన్నదాన్ని నమ్మలేనట్టు సగం వరకు తిరిగి పలకడం. అలా పలికినప్పుడు కథ ముందుకు నడుస్తుంది, నవ్వూ వస్తుంది. రెండోది మౌనం. అవతలివాడు మాట్లాడేందుకు ఎంతసేపు పడుతుందో సరిగ్గా అంతసేపు ఆగాలి. ఆ ఖాళీని శ్రోత తన ఊహతో నింపుకుంటాడు. ఒక క్షణం తక్కువైతే అవతలివాడు లేడని తెలిసిపోతుంది, ఎక్కువైతే బిగి సడలుతుంది. డ్రైవింగు మాస్టారు ఉన్నట్టుండి ఆగి, గొంతు మారి, కారు ఎక్కడికి ఎక్కిందో మెల్లగా అడిగినప్పుడు విన్నవాళ్ళ కళ్ళ ముందు ప్రమాదం దానంతటదే జరిగిపోతుంది.

రికార్డుకు ఈ హాస్యం ఇంత అతకడానికి కారణం ఇదే. ముఖకవళికలు, వేషం, పడడం లేవడం మీద ఆధారపడ్డ కమెడియన్‌ను ప్లేటు మీదికి ఎక్కిస్తే సగం పోతుంది. న్యూహార్ట్ అంశాలలో కంటితో చూడవలసింది దాదాపు ఏమీ లేదు. రేడియో కోసం టేపు మీద తయారైన కళ కాబట్టి అది మొదటినుంచీ చెవి కోసమే పుట్టింది. బూతు లేదు, కుటుంబంతో కూర్చుని వినవచ్చు. హై-ఫై ప్లేయరు ఇంట్లో ఉండడం మధ్యతరగతికి గొప్పగా మారిన రోజుల్లో, స్నేహితులు వచ్చినప్పుడు ఒక వైపు వేసి అందరూ కలిసి నవ్వుకోవడం వినోదమైంది. ప్లేటులోని క్లబ్బు ప్రేక్షకుల నవ్వు ఇంటి శ్రోతకు తోడు. నైట్ క్లబ్బు అనేది లేని చిన్న ఊరికి కూడా ఆ క్లబ్బు రాత్రి నడిచొచ్చింది.

జాబితాల్లో, పురస్కారాల్లో

ఆల్బమ్‌ను ముందుకు తోసింది రేడియో. పాటల మధ్య ఐదారు నిమిషాల హాస్య ముక్క వేస్తే శ్రోతలు స్టేషను మార్చరని డిస్క్ జాకీలు కనిపెట్టారు. ముందుగా మినియాపొలిస్ నగరంలో అమ్మకాలు భగ్గుమన్నాయి. ముద్రించిన కాపీలన్నీ అక్కడికే సరిపోతున్నాయన్న కబురు న్యూహార్ట్‌కు చేరింది. అక్కడినుంచి గిరాకీ దేశమంతా పాకింది. 1960 వేసవిలో ఆల్బమ్ మొదటి స్థానానికి చేరి, మొత్తం 14 వారాలు ఆ స్థానంలో ఉంది.

వార్నర్ ఆలస్యం చేయలేదు. అదే ఏడాది రెండో ఆల్బమ్ 'ది బటన్-డౌన్ మైండ్ స్ట్రైక్స్ బ్యాక్!' తెచ్చింది. అదీ అగ్రస్థానానికి వెళ్ళింది. రెండు ఆల్బమ్‌లూ ఒకే సమయంలో మొదటి రెండు స్థానాల్లో నిలిచిన ఆ ఘనతను 1991లో రాక్ బృందం గన్స్ ఎన్ రోజెస్ అందుకునేవరకు మరెవరూ అందుకోలేదు. రికార్డు పోతే పోయింది, కనీసం స్నేహితుల చేతికే పోయిందని న్యూహార్ట్ ముఖం కదలకుండా చెప్పిన మాట చాలాకాలం చెప్పుకున్నారు.

1961 ఏప్రిల్‌లో జరిగిన మూడో గ్రామీ ప్రదానంలో న్యూహార్ట్‌కు మూడు పురస్కారాలు దక్కాయి. మొదటి ఆల్బమ్‌కు 'ఆల్బమ్ ఆఫ్ ది ఇయర్', రెండో ఆల్బమ్‌కు మాటల హాస్యంలో ఉత్తమ ప్రదర్శన, ఆయనకు ఉత్తమ నూతన కళాకారుడి పురస్కారం. చివరిది ఇప్పటివరకు మరే కమెడియన్‌కూ రాలేదు. నష్టాల్లో ఉన్న వార్నర్ రికార్డ్స్‌ను ఆ రోజుల్లో గట్టెక్కించింది ఇద్దరే అని సంగీత పరిశ్రమ చరిత్రకారులు చెబుతారు. ఒకరు ఎవర్లీ బ్రదర్స్ అనే గాయక ద్వయం, మరొకరు న్యూహార్ట్.

రికార్డు ఇచ్చింది, రికార్డు తీసుకున్నది

పేరు వచ్చాక పని మొదలైంది. ఒక్క ఆల్బమ్‌తో దేశంలోని పెద్ద క్లబ్బులన్నీ పిలిచాయి. ఎడ్ సల్లివన్ టీవీ షో పిలిచింది. వేదికానుభవం మాత్రం ఇంకా కొత్తదే. ఇతర కమెడియన్లు పేరు రాకముందు ఎవరూ చూడని చోట చేసే తప్పులను న్యూహార్ట్ పేరు వచ్చాక నిండు సభల ముందు దిద్దుకోవలసి వచ్చింది.

ఇంకో చిక్కు సరుకుది. పాత రోజుల్లో వాడవిల్ (రకరకాల వినోదాల రంగస్థలం) హాస్యగాడు ఒకే ఇరవై నిమిషాల అంశాన్ని ఊరూరా తిప్పుతూ ఏళ్ళు గడిపేవాడు. ఈ ఊళ్ళో విన్నవాడు ఆ ఊళ్ళో లేడు కాబట్టి జోకు పాతబడేది కాదు. రికార్డు వచ్చాక అదే అంశాన్ని లక్షలమంది ఒక్క నెలలో వినేస్తారు, కొందరు కంఠతా పట్టేస్తారు. కంపెనీ మాత్రం ఆర్నెల్లకోసారి కొత్త ఆల్బమ్ అడుగుతుంది. 1960 నుంచి 1960ల నడుమ వరకు న్యూహార్ట్ వరసగా ఆల్బమ్‌లు చేశారు. సర్ వాల్టర్ రాలీ అమెరికా నుంచి ఫోను చేసి పొగాకు గురించి చెబితే ఇంగ్లండులోని అధికారి నమ్మలేక నవ్వే అంశం లాంటి గట్టివి తర్వాతి వాటిలోనూ ఉన్నాయి. కానీ మొదటి రెండింటి ఊపు మళ్ళీ రాలేదు.

దీనికి మరో ముఖమూ ఉంది. బాగా నచ్చిన అంశాన్ని జనం పాటలాగా మళ్ళీ మళ్ళీ కోరారు. సభలో డ్రైవింగు మాస్టారు మొదలవగానే, తర్వాత ఏం వస్తుందో తెలిసి మరీ చప్పట్లు కొట్టారు. జోకు ఒక్కసారే పేలుతుందన్న సూత్రం పాత్ర మీద నిలబడ్డ హాస్యానికి వర్తించదని తేలింది. 1992లో ఆయన తన పాత అంశాలనే మళ్ళీ వేదిక మీద చేసి 'ఆఫ్ ది రికార్డ్' పేరుతో టీవీ ప్రదర్శనగా ఇచ్చారు. ముప్పై ఏళ్ళ తర్వాత కూడా అవి పండాయి.

అదే దారిలో ఇతరులు

న్యూహార్ట్ విజయం తర్వాత కంపెనీలు కమెడియన్ల వెంటపడ్డాయి. ఈ గిరాకీకి శిఖరం 1962 నవంబరులో వచ్చిన 'ది ఫస్ట్ ఫ్యామిలీ'. వాన్ మీడర్ అనే యువకుడు అధ్యక్షుడు కెనడీ గొంతును అనుకరిస్తూ శ్వేతసౌధం సంసారాన్ని నవ్వులాటగా చూపించిన ఈ ఆల్బమ్ డెబ్బై లక్షలకు పైగా కాపీలు అమ్ముడైంది. 1963లో అదీ 'ఆల్బమ్ ఆఫ్ ది ఇయర్' గెలిచింది. ఆ నవంబరు 22న డాలస్‌లో కెనడీ హత్య జరగడంతో ఆల్బమ్‌ను దుకాణాల నుంచి వెనక్కి తీసుకున్నారు. మీడర్ వృత్తి జీవితం అంతటితో ఆగిపోయింది. ఒకే సాధనం మీడర్, న్యూహార్ట్ ఇద్దరినీ అదే వేగంతో పైకి లేపింది. ఒకరు బతికున్న ఒక మనిషి గొంతు మీద ఆధారపడ్డారు, మరొకరు ఏ ఆఫీసులోనైనా కనిపించే మనిషి స్వభావం మీద. వాళ్ళ గతులు వేరవడానికి కారణం అదే.

1970లలో హాస్య ఆల్బమ్‌కు రెండో యుగం వచ్చింది. టీవీలో అనుమతించని మాటలకు ఎల్పీ ఆశ్రయమైంది. జార్జ్ కార్లిన్ 1972లో 'క్లాస్ క్లౌన్' ఆల్బమ్‌లో టీవీలో పలకకూడని ఏడు మాటల జాబితా చదివాడు. మరుసటి ఏడాది ఆ ధోరణిలోనే ఆయన చేసిన మరో అంశాన్ని న్యూయార్కు రేడియో స్టేషను ఒకటి ప్రసారం చేయడంతో వివాదం అమెరికా సుప్రీంకోర్టు దాకా వెళ్ళింది. ప్రసారాలపై ప్రభుత్వ సంస్థ నియంత్రణను 1978లో న్యాయస్థానం సమర్థించింది. రిచర్డ్ ప్రయర్ నల్లజాతి వీధుల జీవితాన్ని ఉన్నదున్నట్టు రికార్డుల్లోకి తెచ్చాడు. స్టీవ్ మార్టిన్ 'లెట్స్ గెట్ స్మాల్' (1977), 'ఎ వైల్డ్ అండ్ క్రేజీ గై' (1978) ఆల్బమ్‌లతో రాక్ గాయకుల మాదిరి క్రీడామైదానాలు నింపాడు. రెండో ఆల్బమ్ జాబితాలో రెండో స్థానం వరకు వెళ్ళింది.

పతనానికి కారణం సాంకేతికతే. 1975 చివర హెచ్‌బీఓ కేబుల్ ఛానల్ కమెడియన్ రాబర్ట్ క్లైన్ పూర్తి ప్రదర్శనను కోతల్లేకుండా ప్రసారం చేసింది. వీడియో క్యాసెట్లు ఆ తర్వాత ఇళ్ళలోకి వచ్చాయి. చూడగలిగినదాన్ని వినడానికి మాత్రమే డబ్బు పెట్టేవాళ్ళు తగ్గారు. కమెడియన్‌కు పేరు తెచ్చే పనిని ఆల్బమ్ నుంచి కేబుల్ టీవీ, దానినుంచి ఇంటర్నెట్ వీడియో అందుకున్నాయి.

ఫోను వదలని మనిషి

న్యూహార్ట్ ఆ మార్పుకు ముందే టీవీకి మారారు. 1961లో ఎన్‌బీసీలో ఆయన పేరుతో వచ్చిన వినోద కార్యక్రమం ఎమ్మీ, పీబడీ పురస్కారాలు పొందింది గానీ ఒక్క ఏడాదికే ఆగిపోయింది. 1972 నుంచి 1978 వరకు సీబీఎస్‌లో నడిచిన 'ది బాబ్ న్యూహార్ట్ షో'లో ఆయన షికాగో మనస్తత్వ నిపుణుడు. ఎదుటివాళ్ళ వెర్రిని ఓపిగ్గా వినడమే ఉద్యోగమైన పాత్ర అది. ఒకవైపు ఫోను సంభాషణలు అందులోనూ తరచూ వచ్చేవి. 1982లో మొదలైన 'న్యూహార్ట్' సీరియల్‌లో వెర్మాంట్ పల్లెలో సత్రం నడిపే రచయితగా కనిపించారు. 1990 మే నెలలో ప్రసారమైన చివరి భాగంలో ఆ సీరియల్ కథంతా పాత సీరియల్‌లోని మనస్తత్వ నిపుణుడికి వచ్చిన కలగా తేల్చేశారు. అమెరికన్ టీవీలో జనం ఎక్కువగా మెచ్చుకున్న ముగింపుల్లో అది ఒకటి.

2002లో అమెరికన్ హాస్యానికిచ్చే మార్క్ ట్వెయిన్ పురస్కారం ఆయనకు దక్కింది. 2006 సంవత్సరానికి తొలి ఆల్బమ్‌ను లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్ జాతీయ ధ్వనిముద్రణల భాండారంలోకి చేర్చింది. ఇంగ్లీషు సీరియళ్ళు చూసే ఈ తరం తెలుగువాళ్ళలో చాలామందికి ఆయన 'ది బిగ్ బ్యాంగ్ థియరీ'లోని ప్రొఫెసర్ ప్రోటాన్‌గానే తెలుసు. ఐదు దశాబ్దాల టీవీ జీవితంలో నటనకు ఆయన గెలిచిన తొలి ఎమ్మీ 2013లో ఆ పాత్రకే వచ్చింది. 2024 జూలై 18న లాస్ ఏంజెలెస్‌లో 94 ఏళ్ళ వయసులో న్యూహార్ట్ మరణించారు.

గ్రామీ చరిత్రలో 'ఆల్బమ్ ఆఫ్ ది ఇయర్' గెలిచిన హాస్య ఆల్బమ్‌లు రెండే: న్యూహార్ట్‌ది, మీడర్‌ది. రెండూ 1960ల తొలి మూడేళ్ళలోనివే. ఎల్పీ ఇంటింటికీ చేరిన తర్వాత, వీడియో ఇంకా చేరకముందు నడిచిన కొద్దికాలంలో మాత్రమే మాట ఒక్కటే సరుకుగా ఒక కమెడియన్ గాయకులతో పోటీపడి గెలవగలిగాడు. ఆ కాలం ఇచ్చిన అవకాశం చాలామందికి అందింది. దానికి తగిన కళ టేపుల మీద ముందే సిద్ధమై ఉన్నది న్యూహార్ట్ దగ్గర.